ఒంటిచేతి కళ్లెం

ట్విలా సరసువా చేతుల గురించి ఆ లోయలో కథలు కథలుగా చెప్పుకునేవాళ్లు. పగ్గాన్ని కళ్లేనికి తోలుతో కాకుండా తోకవెంట్రుకతో ముడేసి ఇచ్చినా, పొద్దంతా ఆవుల వెనక తిరిగి ఆ వెంట్రుక తెగకుండా ఇల్లు చేరుతుందని ఆవిడ మామగారు అనేవాడట. ఆయన ఊరికే ఎవర్నీ మెచ్చుకునే మనిషి కాడు. సొంత కొడుకు గుర్రమెక్కితే మొహం తిప్పుకునేవాడు.

ఆయన దగ్గర నేర్చిన విద్యే ట్విలాది. గుర్రాన్ని ముందు నోరు నొవ్వని లేత కళ్లెంతో రెండు చేతులా నడపాలి. తర్వాత నోట్లో ఇనుమన్నదే లేకుండా ముక్కు మీద అల్లిన తోలుపట్టీతో నడపాలి. ఏళ్లు గడిచి, గుర్రానికి బుద్ధీ ఒళ్లూ కుదురుకున్నాక గానీ నాలుక మీద రేకు ఆనే పెద్ద కళ్లెం పెట్టకూడదు. అది పెట్టాక పగ్గాలు ఒక్క చేతిలోనే. చిటికెనవేలు కదిలితే గుర్రం తిరగాలి. "ఆ కళ్లేన్ని లాగిన రోజున నువ్వు కసాయివే" అనేవాడు మామగారు.

డీకన్ అనే గుర్రాన్ని ట్విలా అలాగే తయారుచేసింది. జేగురు రంగు, పెద్ద కళ్లు, కాస్త మొండి. తల్లి చనిపోతే సీసాతో పాలు పట్టి పెంచింది. భర్త ఆర్విన్ పోయిన ఏడు అది ఇంకా ముక్కుపట్టీ మీదే ఉంది. ఆ ఏడాదంతా ఆవిడ మనుషులతో మాట్లాడిన మాటలకన్నా దానితో మాట్లాడినవే ఎక్కువ. పెద్ద కళ్లెం పెట్టిన రోజున బరి మధ్యలో ఒక్కతే కూర్చుని ఏడ్చింది, చూపించుకోవడానికి ఆర్విన్ లేడని.

అలాంటి డీకన్ ఈ వసంతం నుంచి తల విదిలించడం మొదలుపెట్టింది. ఆగమంటే నోరు తెరుస్తోంది. వెన్ను బిగబడుతోంది. గుర్రాల పళ్లు చూసే మనిషిని పిలిపిస్తే ఏమీ లేదన్నాడు. జీను మార్చింది, దాణా మార్చింది. చివరికి హార్లన్ క్విస్ట్ దగ్గరికి తీసుకెళ్దామని నిశ్చయించుకుంది.

ఆవుల్ని మళ్లించే గుర్రాల పనిలో ఆ చుట్టుపక్కల హార్లన్‌ని మించినవాడు లేడు. వేసవి మొదట్లో నది వంపు దగ్గరున్న తన బరిలో మూడు రోజుల శిబిరం పెడతాడు. ట్విలా ఎప్పుడూ వెళ్లలేదు. "నాకు నేర్పేదేముంది వాడి దగ్గర?" అనేది. అలాంటిది ఈసారి తనే ఫోన్ చేసి చోటు అడిగింది. కోడలు రేలీన్‌కి ఆశ్చర్యమేసినా నోరెత్తలేదు, బండికి గుర్రపు ట్రైలర్ తగిలించుకుని తను నడుపుతానంది.

"నేను నడపలేనా?" అంది ట్విలా.

"నడపగలరు అత్తయ్యా. నేనూ చూద్దామని. నాకూ నాలుగు ముక్కలు తెలుస్తాయిగా."

"నీకు తెలిసేదేముంది! నీవి చేతులా, గడ్డపారలు. నువ్వెక్కే ఆ ముసలి ఆడగుర్రం గనక ఊరుకుంటోంది."

రేలీన్ నవ్వేసింది. ఆమె పట్నంలో ఇనుప సామాన్ల కొట్టాయన కూతురు. పెళ్లయ్యాకే గుర్రం ఎక్కింది. పన్నెండేళ్లుగా అత్తగారి నోట గడ్డపారల మాట వింటూనే ఉంది. మొగుడు డారెల్ బంగారు గనిలో పనికి పోతే, మందని చూసుకునేది ఈ అత్తాకోడళ్లే.

దారి పొడుగునా ట్విలా కుడిచేతిని ఎడమ చంక కింద పెట్టుకుని కూర్చుంది. శీతాకాలంలో రీనోలో డాక్టరు ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూసి, చిన్న గొంతుతో జబ్బు పేరు చెప్పాడు. పార్కిన్సన్స్. మందులిచ్చాడు. ఆ సంగతి ఆవిడ కొడుక్కి చెప్పలేదు, కోడలికి చెప్పలేదు. ఆర్విన్ సమాధి దగ్గర కూడా నోరు విప్పలేదు. మందు వేసుకున్న కాసేపటికి వణుకు తగ్గేది. ఆ కాస్తలోనే గుర్రమెక్కేది. పగ్గాలు ఎడమ చేతికి మార్చి చూసింది. ఈస్టర్ దాటాక ఎడమ చెయ్యీ అదే దారి పట్టింది.

హార్లన్ దగ్గరికి ఎందుకు వెళుతోందో ఆవిడకు తెలుసు. తప్పు గుర్రానిదేనని అతని నోటి వెంట వినాలి. పాలు పట్టి పెంచిన జీవి మీద నింద పడాలని కోరుకుంటున్నందుకు సిగ్గుగానే ఉంది. అయినా ఆ కోరిక పోలేదు.

మొదటి రోజు దూడల్లేకుండానే పని. గుండ్రంగా పరిగెత్తించడం, నిలుచున్న చోటే గిరగిరా తిప్పడం, వేగంగా వచ్చి వెనకకాళ్ల మీద జారుతూ ఆపడం. పది పన్నెండు మంది వచ్చారు. కాలిఫోర్నియా నుంచి వచ్చిన పళ్ల డాక్టరొకడు మెరిసిపోయే జీను మీద కూర్చుని, గుర్రాన్ని ఆపినప్పుడల్లా దాని మెడ కావిలించుకుంటున్నాడు.

"డాక్టరుగారూ, మీరు ఆపుతున్నారా, అది జాలిపడి ఆగుతోందా?" అన్నాడు హార్లన్. బరి చుట్టూ అందరూ గొల్లుమన్నారు.

ట్విలా వంతు వచ్చేసరికి నవ్వులు ఆగిపోయాయి. ఆవిడ పేరు తెలియనివాళ్లు అక్కడ లేరు. పెద్ద పెద్ద గుండ్రాలు చుట్టినంతసేపూ డీకన్ బాగానే వెళ్లింది. ఆపేచోట తల పైకి విసిరింది. రెండోసారీ అంతే. మూడోసారి నోరు బార్లా తెరిచి పక్కకి వంకరపోయింది.

హార్లన్ కంచె మీద నుంచి దిగి వచ్చాడు. నలభై దాటిన మనిషి, ఎండకు కమిలిన మెడ, నిదానమైన మాట. "అమ్మా, నేనొకసారి ఎక్కి చూడనా?"

ఆవిడ దిగింది. అతను ఎక్కాడు. పగ్గాలు తీసుకుని ఊరికే కాసేపు కూర్చున్నాడు. తర్వాత డీకన్ కదిలింది, నీళ్లు పల్లానికి పోయినట్టు. గిరగిరా తిరిగింది, దుమ్ము రేపుతూ జారి ఆగింది, ఆగి పెదవులు నాక్కుంది. పగ్గాలు వేలాడుతూనే ఉన్నాయి. ఎవరో ఈల వేశారు.

హార్లన్ దిగి, పగ్గాలు ఆవిడకు అందించాడు. ఆవిడ మొహంలోకి చూడలేదు. "మంచి గుర్రం అమ్మా. ఇంత మంచిగా తయారైన గుర్రాన్ని నేను ఎక్కి చాలా కాలమైంది. రేపు దూడలతో చూద్దాం" అన్నాడు.

ఆ సాయంత్రం బల్లల మీద కాల్చిన మాంసం, చిక్కుడుగింజల కూర, రొట్టె పెట్టారు. రేలీన్ కాఫీ తెచ్చింది, ఎప్పటిలాగే సగం కప్పు.

"నీ పిసినారితనం పరాయి ఇంట్లో కూడానా?" అంది ట్విలా. "కాఫీ వాళ్లది. నిండా పోస్తే నీ సొమ్మేం పోతుంది?"

"చల్లారిపోతుందని, అత్తయ్యా. తాగాక మళ్లీ తెస్తాగా."

ట్విలా కప్పుని రెండు చేతులా పట్టుకుని తాగింది. మాంసం ముట్టుకోలేదు. కోసుకోవాలి కదా.

రెండో రోజు దూడల పని. ముందు దూడను బరి చివర నిలబెట్టాలి. అది ఎటు తప్పించుకోబోతే గుర్రం అటు అడ్డం పడాలి. అక్కడ డీకన్‌కి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేదు. చెవులు వెనక్కి పెట్టి, నేలకు వంగి, ఎర్ర పెయ్యను పిల్లి ఎలుకను చూసినట్టు చూసింది. పెయ్య కుడికంటే కుడికి, ఎడమకంటే ఎడమకి. ట్విలా చెయ్యి దాని మెడ మీద ఊరికే ఆనించి ఉంచింది. ఆ కాసేపూ ఆవిడ జబ్బు లేని మనిషి. కంచె దగ్గర హార్లన్ కూడా తలూపుతున్నాడు.

తర్వాతది కంచె పని. పెయ్యను పొడవాటి కంచె వెంట తరుముకుంటూ పోయి, దాన్ని దాటి, మొహం మీద తిప్పాలి. గుర్రం పూర్తి వేగంలో ఉంటుంది. అక్కడ చేతి మాట కావాలి.

పెయ్య కంచె పట్టింది. డీకన్ దాని తుంటి దగ్గరికి, భుజం దగ్గరికి, తల దగ్గరికి వచ్చింది. తిప్పాల్సిన క్షణం అదే. ట్విలా చెయ్యెత్తింది. పొద్దున వేసుకున్న మందు పట్టు ఎప్పుడు తగ్గిపోయిందో, ఆత్రానికి చెయ్యి ఎలా బిగుసుకుందో, పగ్గాలు టపటపా కొట్టుకున్నాయి. రేకు నాలుకను పొడిచింది. డీకన్ తల ఆకాశానికి ఎత్తేసింది. దానికిక పెయ్య కనబడలేదు. పెయ్య దాని ముంగాళ్ల కిందికి తిరిగింది. గుర్రం మోకాళ్ల మీద పడింది, ట్విలా దాని మెడ మీదుగా వెళ్లి దుమ్ములో పడింది.

రేలీన్ కంచె దూకి పరిగెత్తుకొచ్చింది. అప్పటికే ట్విలా లేచి కూర్చుంది. టోపీ ఎక్కడో పోయింది, గడ్డం గీరుకుపోయింది, అంతకుమించి ఏమీ కాలేదు. డీకన్ లేచి, ఒళ్లు దులుపుకుని, పారిపోకుండా వచ్చి ఆవిడ పక్కనే నిలబడింది. దాని నోటి నురుగు గులాబి రంగులో ఉంది.

హార్లన్ ముందు గుర్రం నోరు చూశాడు. కళ్లెం విప్పి రేలీన్ చేతికిచ్చాడు. తర్వాత వచ్చి ట్విలా పక్కన దుమ్ములోనే చతికిలబడ్డాడు.

"చెయ్యి ఇటివ్వండమ్మా."

"ఏం విరగలేదులే."

"విరగలేదని నాకూ తెలుసు. ఇవ్వండి."

ఇచ్చింది. అతను దాన్ని తన అరచేతిలో పెట్టుకుని ఊరుకున్నాడు. చెయ్యి ఒడ్డున పడ్డ చేపలా కొట్టుకుంటోంది. కంచె మీదున్నవాళ్లు ఒక్కొక్కరే తమ గుర్రాల వైపు తిరిగిపోయారు.

"ఎప్పట్నుంచి?"

"శీతాకాలం నుంచి. మందేసుకుంటే తగ్గుతుంది. ఇవాళ ఎందుకో..." డీకన్ వైపు తిరిగింది. "గుర్రంలో ఏమన్నా ఉందా, హార్లన్? నిజం చెప్పు. ఏ కాస్తన్నా ఉందా?"

"లేదమ్మా. నిన్ననే తెలిసింది నాకు. నిన్ననే చెప్పాల్సింది. నోరు రాలేదు. వేలు కదిపితే అది మాట అని వాడికి మీరే నేర్పారు. ఆరేళ్లు నేర్పారు. ఇప్పుడు మీ చెయ్యి పొద్దస్తమానం ఏదో ఒకటి అంటూనే ఉంది. అందులో మీ మాట ఏదో, చేతి మాట ఏదో వాడికి తెలియట్లేదు. పాపం, అన్నిటికీ జవాబు చెప్పబోతున్నాడు."

ట్విలా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"లేత కళ్లేనికి దించండి. రెండు చేతులా పట్టుకుని, నడకలో తిరగండి. ఎవరు కాదంటారు?"

"వీణ్నా? దూడ వెనక వీణ్ని చూశావుగా. చదువంతా చదివినవాణ్ని తీసుకొచ్చి మళ్లీ పలక బలపం ఇమ్మంటావా?"

"నేనేమీ అనడం లేదమ్మా. ఎవరన్నా ఇలా మీ దగ్గరికొస్తే మీరేం చెప్పేవారో ఆలోచించండి."

మధ్యాహ్నం అత్తాకోడళ్లు ట్రైలర్ నీడలో కూర్చున్నారు. రేలీన్ తడిగుడ్డతో ఆవిడ గడ్డం మీద గీరుడు తుడవబోతే ట్విలా చెయ్యి తోసేసింది.

"నీకేం ఆశ్చర్యంగా లేదే?"

రేలీన్ గుడ్డ పిండుతూ ఉండిపోయింది.

"నిన్నే అడిగేది."

"ఈస్టర్ నాడు మీరు రొట్టెకి వెన్న రాయడం మానేశారు, అత్తయ్యా. చొక్కా గుండీలు తీయించి నొక్కుడు గుండీలు కుట్టించుకున్నారు. కాఫీ నిండా పోస్తే ఒలుకుతోంది. నాకు కళ్లు లేవా?"

"తెలిసి నోరు మూసుకున్నావా? ఇన్ని నెలలూ?"

"ఏమని చెప్పను? చెబితే డారెల్ ఆ రోజే మిమ్మల్ని గుర్రం మీంచి దించేసేవాడు. మీరు గుర్రం దిగితే ఏమైపోతారోనని నాకు భయం. ఇవాళ మీరు దాని కాళ్ల కింద పడుంటే? ఆ పాపం నాదయ్యేది. పొద్దున్నించి అదే తలుచుకుంటున్నా."

ట్విలా కోడలి మొహం చూసింది. పన్నెండేళ్లలో ఎప్పుడూ అంత దగ్గరగా చూడలేదేమో. కళ్ల కింద ముడతలు పడ్డాయి ఆ పిల్లకి. ఎప్పుడు పడ్డాయో.

"తుడువు" అంది గడ్డం ముందుకు పెట్టి. "మెల్లిగా. గడ్డపారలతో గీకేవు."

రేలీన్ ఏడుస్తూ నవ్వింది.

మూడో రోజు పొద్దున డీకన్ నోరు చూశాడు హార్లన్. పైపై గాయమే, అయినా పెద్ద కళ్లెం కొన్నాళ్లు వద్దన్నాడు. తన కొట్లోంచి మెత్తటి ముక్కుపట్టీ తెచ్చి కట్టాడు. జీను కట్టింది ట్విలాయే. గుర్రం పొట్ట కింద పట్టెడ బిగించడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ సాయం రాలేదు, రానివ్వదని తెలుసు. కట్టాక రికాబు దగ్గర నిలబడి రేలీన్‌ని పిలిచింది.

"ఎక్కు."

"నేనా? అత్తయ్యా, నావల్ల కాదు. దాని నోరు పాడుచేస్తాను."

"నోట్లో ఇనుము లేదుగా, పాడుచెయ్యడానికి. ఎక్కమంటున్నా."

"నావి..."

"తెలుసు. ఎన్నిసార్లు గుర్తుచేస్తావ్? గడ్డపారైనా నిలకడగా ఉంటుంది. ఎక్కు."

రేలీన్ ఎక్కింది. మొహం తెల్లగా పాలిపోయింది. ట్విలా కంచె పట్టుకుని నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. "వేళ్లు వదులు. ఇంకా. నడుం మీద కూర్చో, భుజాల మీద కాదు. నువ్వు ఆగితే వాడు ఆగుతాడు, లాగకు. నీ ఊపిరి వదులు, చాలు." ఒకసారి మర్చిపోయి తన చెయ్యెత్తి చూపించబోయింది. ఎత్తిన చెయ్యి వణికింది. దించేసుకుంది.

డీకన్ వెళుతోంది, కానీ సగం మనసుతో. ఒక చెవి ఎప్పుడూ కంచె వైపే. గుండ్రం చుట్టి ట్విలా దగ్గరికి రాగానే నెమ్మదించేది. పెయ్యను వదిలినా అంతే. పెయ్యను చూస్తూ చూస్తూ, ట్విలా గొంతు వినబడగానే తల తిప్పింది. పెయ్య జారుకుంది.

"వాడి చూపు పెయ్య మీద పెట్టు!" అని అరిచింది ట్విలా. డీకన్ మళ్లీ ఆవిడ వైపే తిరిగింది.

హార్లన్ వచ్చి పక్కన నిలబడ్డాడు. టోపీ తీసి చేత్తో తిప్పుతూ అన్నాడు, "అమ్మా, కోపం తెచ్చుకోకండి."

"చెప్పు."

"మీ గొంతు వినబడుతున్నంతసేపూ వాడు మీకోసమే చూస్తాడు. మీరు కనబడుతున్నంతసేపూ."

ట్విలాకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. గుర్రాన్ని కోడలికి ఇచ్చెయ్యడమంటే జీను మీంచి దిగడమే అనుకుంది రాత్రంతా. చూస్తూ ఉండొచ్చు, చెబుతూ ఉండొచ్చు అనుకుంది. అది కూడా లేదన్నమాట.

"సరే" అంది.

ఆవిడ వెనక్కి తిరిగి నడిచింది. ట్రైలర్ల వెనక్కి, బరి కనబడని చోటికి వెళ్లింది. వెనక నుంచి డీకన్ సన్నగా సకిలించింది. తిరిగి చూడలేదు. ఒక గడ్డిమోపు మీద కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మధ్య ఇరికించుకుంది.

అక్కణ్నుంచి చప్పుళ్లే వినబడ్డాయి. గేటు కిర్రుమంది. పెయ్య అరిచింది. గుర్రపు డెక్కలు అటు రెండడుగులు, ఇటు రెండడుగులు, మళ్లీ అటు. డీకన్ పెయ్యను పట్టుకుందని డెక్కల్ని బట్టే తెలిసింది ఆవిడకి. తర్వాత ఒక్కసారిగా కంచె వెంట పరుగు. నేల అదిరింది. "ఇప్పుడు, ఇప్పుడు తిప్పు" అని పెదాలతోనే అనుకుంది ట్విలా. ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. ఆ వెంటనే డెక్కలు ఇటు తిరిగాయి, శుభ్రంగా, తడబాటు లేకుండా. బరి చుట్టూ అరుపులు, ఈలలు. పళ్ల డాక్టరు గొంతు అందరికన్నా పెద్దగా వినబడింది.

డీకన్ బతుకులో అంత బాగా దూడను తిప్పడం అదే మొదలని తర్వాత అందరూ చెప్పారు. ఆవిడ చూడలేదు.

రేలీన్ గుర్రాన్ని నడిపించుకుంటూ వెతుక్కుంటూ వచ్చింది. మొహం వెలిగిపోతోంది. అత్తగారిని చూడగానే ఆ వెలుగుని దాచుకోబోయింది, చేతకాలేదు.

"చూశారా అత్తయ్యా?"

"చూశాను" అంది ట్విలా. "బాగుంది. మోచెయ్యి కాస్త పైకి లేస్తోంది, దించుకో."

డీకన్ వచ్చి ఆవిడ జేబు దగ్గర ముక్కు పెట్టింది. చెమట వాసన, దుమ్ము వాసన. ఆవిడ దాని నుదుటి మీద చెయ్యి పెట్టింది. చెయ్యి వణుకుతోంటే గుర్రం కదలకుండా నిలబడింది.

ఇంటికెళ్లిన రాత్రే ట్విలా కొడుక్కి సంగతంతా చెప్పింది. డారెల్ కేకలేశాడు, తర్వాత ఏడ్చాడు, తర్వాత రీనోలో ఇంకో డాక్టరు పేరు కనుక్కున్నాడు. ఆ ఎండాకాలమంతా రేలీన్ డీకన్‌తో పనిచేసింది. ఆమె బరిలో ఉన్నంతసేపూ ట్విలా ఇంట్లోంచి బయటికి వచ్చేది కాదు. కిటికీ తెరలు కూడా వేసుకునేది. సాయంత్రం రేలీన్ వచ్చి ఏం చేసిందీ, అది ఎలా చేసిందీ చెబితే, ఇలా కాదు అలా అని తిట్టేది. ఒక్కోసారి ఆ తిట్లు వినడానికే రేలీన్ కావాలని తప్పు చెప్పేది.

ఆకురాలు కాలంలో కొండల మీంచి మందని దించడానికి వెళ్లేటప్పుడు ట్విలా ఇంటి దగ్గరే ఉండిపోయింది. పెళ్లై వచ్చాక అదే మొదటిసారి. రేలీన్ వాళ్లు వెళ్లేరోజు పొద్దున చలిగా ఉంది. సేజ్ పొదల మీద మంచు ఇంకా కరగలేదు. ఇక తను కనబడినా ఫరవాలేదులే అనుకుని, కోటు వేసుకుని గేటు దగ్గరికి వచ్చింది.

రేలీన్ డీకన్ మీద ఉంది. పెద్ద కళ్లెం, ఒంటి చెయ్యి. పగ్గాలు వదులుగా ఊగుతున్నాయి.

"వెళ్లొస్తాం అత్తయ్యా. పొయ్యి మీద చారు పెట్టాను, వేడి చేసుకోండి."

"వెళ్లిరండి" అని, గుర్రం వైపు తిరిగి, "ఏరా పెద్దమనిషీ" అంది ట్విలా మెల్లగా.

డీకన్ తలెత్తింది. ఆవిడకేసి చూసింది, తనకి తెలిసిన మనిషిని చూసినట్టు. చెవులు ముందుకొచ్చాయి. అంతలో జీను మీద రేలీన్ కాస్త కదిలింది. గుర్రం రెండు చెవులూ వెనక్కి, ఆమె వైపు తిరిగాయి. మరి తల తిప్పకుండా, అది దారి పట్టి నడిచింది.

అలాగే జరగాలని ట్విలా కోరుకుంది. అందుకే ఎండాకాలమంతా తెరలు వేసుకుని కూర్చుంది. అయినా గేటు పట్టుకుని, వాళ్లు కొండ మలుపు తిరిగేదాకా నిలబడి, కళ్లనీళ్లు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది. మొహం మీద చలిగాలి తగిలాక గానీ తడి తెలియలేదు. ముసలి ఆడగుర్రం ఒక్కటే దొడ్లో ఆకలిగా గిట్టలు కొడుతోంది. దానికి గడ్డి వెయ్యాలని అటు నడిచింది.